దేవుడికి నేను తెలుసా? ఆయన నన్ను పట్టించుకుంటాడని రోజూ నమ్మడం ఎలా

దేవుడు అందర్నీ ప్రేమిస్తాడు అని మనలో ఎవర్ని నిద్రలేపి అడిగినా టక్కున చెప్తారు, సండే స్కూల్ నుంచి వింటున్నదే కదా. అదే, దేవుడికి నేను తెలుసు, నా రూమ్ అద్దె ఎన్ని నెలలు బాకీ ఉందో తెలుసు, అమ్మ స్కాన్ రిపోర్ట్ ఎప్పుడొస్తుందో తెలుసు, నిన్న రాత్రి మూడింటి దాకా నాకెందుకు నిద్ర పట్టలేదో తెలుసు, ఇదంతా ఆయనకి పట్టింది కూడా అని నమ్మమంటే మాత్రం చాలామందికి మాట గొంతులోనే ఆగిపోతుంది.

హైదరాబాద్ వచ్చాక ఇది ఇంకా ఎక్కువవుతుంది. ఊళ్ళో ఉన్నప్పుడు ఫలానా టీచరమ్మ గారి అబ్బాయి, ఫలానా వాళ్ళ కోడలు అని నలుగురికీ తెలిసేది. ఇక్కడ ఆఫీసులో ఎంప్లాయీ ఐడీ, హాస్పిటల్లో టోకెన్ నంబర్, హాస్టల్లో బెడ్ నంబర్, గేటు దగ్గర ఓటీపీ, చివరికి చర్చికి వెళ్ళినా వేలమంది మధ్యలో కూర్చుని పాస్టర్ గారిని స్క్రీన్ మీద చూసి వచ్చేస్తాం. అలా ఉండగా ఉండగా దేవుడు కూడా మనల్ని గుంపుగానే చూస్తాడేమో అన్న ఆలోచన మనకి తెలియకుండానే లోపల కూర్చుంటుంది.

ఉప్పల్ వైపు ఒక ఇంట్లో బుధవారం సాయంత్రం ప్రార్థన కూడిక జరుగుతుంది, నేను అక్కడికి వెళ్తుంటాను. వచ్చేవాళ్ళలో హాస్టల్ పిల్లలు, కొత్తగా పెళ్ళయి వచ్చినవాళ్ళు, క్యాబ్ నడిపే అన్నలు ఉంటారు. వాళ్ళు అడిగే ప్రశ్న ఎక్కువసార్లు ఇదే. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నా. ఒక్క మాట ముందే చెప్తాను: దేవుడికి నేను తెలుసు అన్న ఫీలింగ్ వచ్చాక నమ్ముదాం అని ఆగకండి. నమ్మకం అనేది ఆయనకి మన సంగతులు విడివిడిగా, పేరు పేరునా చెప్పుకుంటూ పోతుంటే పెరుగుతుంది, కూర్చుని ఎదురుచూస్తే రాదు.

1. ముందు ఉన్నది ఉన్నట్టు చెప్పండి

ఒక చోటు చూసుకోండి. నలుగురుండే రూమ్‌లో మోకరించి గట్టిగా ప్రార్థన చేయడం కుదరదు, అది నాకు తెలుసు. టెర్రస్ మీదికి వెళ్ళండి, లేదా మెట్రోలో ఒక మూల నిలబడి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మెల్లగా పెదాలు కదపండి, ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నారనుకుంటారు, లేదా పొద్దున్నే సంజీవయ్య పార్క్‌లోనో మీ కాలనీ పార్క్‌లోనో నడుస్తూ మాట్లాడండి. చోటు ఏదైనా పర్లేదు, రోజూ అదే చోటైతే అలవాటు నిలుస్తుంది.

ఇక మాట. గడచిన రాత్రి కాచి కాపాడిన కృపగల దేవా అని మనందరికీ నోటికొచ్చిన ప్రార్థన ఒకటి ఉంటుంది, సంఘంలో అందరి తరఫున ప్రార్థన చేసేటప్పుడు అది చాలా మంచిదే, నేను తప్పు పట్టను. కానీ ఈ పనికి మాత్రం ఇంట్లో మాట్లాడే మాటలే వాడండి. మా కూడికకి వచ్చే ఒక అమ్మాయి ఖమ్మం వైపు నుంచి వచ్చి ఎస్‌ఆర్ నగర్ హాస్టల్లో ఉంటూ కోర్సు నేర్చుకుంటోంది. అక్కా నాకు ప్రార్థన రావట్లేదు అంది. ఫోన్‌లో మీ అమ్మకి చెప్పకుండా దాచేవన్నీ ఉంటాయి కదా, అవి చెప్పు అన్నాను. ఆ రాత్రి వాటర్ ట్యాంక్ పక్కన కూర్చుని తను చెప్పుకున్నది ఇది, తన అనుమతితోనే రాస్తున్నా: ప్రభువా, రెండో రౌండ్‌లో పోతున్నా, ఇంగ్లీష్‌లో అడగ్గానే వచ్చింది కూడా మర్చిపోతున్నా, నాన్న వడ్డీకి తెచ్చిన డబ్బులు అయిపోవచ్చాయి, తమ్ముడు నన్ను చూసి ఇంక చదవను అంటున్నాడు, పక్క బెడ్ అమ్మాయికి జాబ్ వచ్చింది, నాకు సంతోషం రావట్లేదు, కుళ్ళుగా ఉంది. ఆ చివరి మాట దగ్గర ఏడుపు ఆగలేదట. అది చాలా మంచి ప్రార్థన అని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే అందులో ఒక్క మాట కూడా దేవుడు మెచ్చుకోవాలని చెప్పింది కాదు.

ఆయనకి అన్నీ తెలిసినప్పుడు మళ్ళీ మనం చెప్పడమెందుకు అని చాలామంది అడుగుతారు. మత్తయి 6వ అధ్యాయం 8వ వచనంలో యేసుప్రభువే అంటాడు, మీరు అడగక ముందే మీకు ఏం కావాలో మీ తండ్రికి తెలుసు అని. అలా అని ఆ వెంటనే, కాబట్టి అడగొద్దు అనలేదు, ఇలా ప్రార్థన చేయండి అని పరలోక ప్రార్థన నేర్పాడు, అందులో ఈ రోజుకి అన్నం కూడా అడగమన్నాడు. ఒళ్ళు కాలిపోతోందని చెయ్యి పెట్టి చూసిన అమ్మకి తెలుసు, అయినా పిల్లాడు అమ్మా తలనొప్పి అని వచ్చి ఒళ్ళో పడుకుంటాడు, చెప్పేది సమాచారం ఇవ్వడానికి కాదు కదా.

2. 139వ కీర్తనని ఒక వారం పట్టుకోండి

మొత్తం 24 వచనాలే. ఒక్కరోజులో చదివేసి బాగుంది అని మూసేయకండి. మొదటి ఆరు వచనాలు రెండు రోజులు, తర్వాతి ఆరు ఇంకో రోజు, 13 నుంచి 18 వరకు రెండు రోజులు, మిగిలినవి చివర్లో. పైకి చదవండి, మన పాత బైబిల్ భాష పైకి చదివితేనే లోపలికి దిగుతుంది.

మొదటి రెండు వచనాలు చూడండి: "యెహోవా, నీవు నన్ను పరిశోధించి తెలిసికొని యున్నావు. నేను కూర్చుండుట నేను లేచుట నీకు తెలియును." ఇక్కడ ఆగి మీ కూర్చోవడం, మీ లేవడం పెట్టి చెప్పుకోండి. మాధాపూర్‌లో ఐదో అంతస్తులో కిటికీ పక్క సీట్లో నేను కూర్చోవడం నీకు తెలుసు, పొద్దున ఆరున్నరకి ఇష్టం లేకుండా లేవడం నీకు తెలుసు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మెట్రోలో నిలబడి రావడం నీకు తెలుసు. మొదట్లో కొంచెం కొత్తగా అనిపిస్తుంది, మూడో రోజుకి అలవాటైపోతుంది. నాలుగో వచనంలో నా నాలుక మీదికి మాట రాకముందే అది నీకు పూర్తిగా తెలుసు అంటాడు దావీదు. మీటింగ్‌లో మింగేసిన మాటలు, అత్తగారి ముందు ఆపుకున్న మాటలు, అవి కూడా అన్నమాట.

ఏడో వచనం దగ్గరికి వచ్చేసరికి కొంతమందికి సంతోషం బదులు భయం పుడుతుంది, నీ సన్నిధి నుంచి నేనెక్కడికి పారిపోగలను అన్న దగ్గర. ఫోన్ హిస్టరీ గుర్తొస్తుంది, ఇంట్లో తెలియని ఒక పరిచయం గుర్తొస్తుంది. ఆ భయం రావడం తప్పు కాదు, దాన్ని దాటేయకండి, ఎందుకంటే ఇక్కడే అసలు విషయం ఉంది. మనల్ని సగం తెలిసినవాళ్ళు ప్రేమిస్తే మనకి లోపల ఒక గుబులు ఉంటుంది, మిగతా సగం తెలిస్తే వదిలేస్తారేమో అని. దేవుడి దగ్గర ఆ మిగతా సగం అంటూ ఏమీ లేదు, మొత్తం తెలిసే మన మీద చెయ్యి పెట్టాడు, ఐదో వచనంలో ఉంది ఆ మాట. క్రీస్తు మన కోసం చనిపోయింది మనం ఇంకా పాపులుగా ఉన్నప్పుడే అని రోమా పత్రిక 5:8 చెప్తుంది, బాగుపడ్డాక కాదు. కాబట్టి దాచేది ఏదైనా ఉంటే ఆ రోజే ఒప్పుకోండి, 23వ వచనంలో దావీదు తనంతట తానే నన్ను పరిశోధించు అని అడుగుతాడు, మొదట్లో పరిశోధించావు అన్నవాడే చివర్లో మళ్ళీ పిలిచి మరీ చూడమంటున్నాడు.

19 నుంచి 22 వరకు దావీదు శత్రువుల మీద కోపంతో మాట్లాడతాడు, చాలామంది ఆ నాలుగూ వదిలేసి చదువుతారు. వదలకండి. మీ కోపం కూడా ఆయన ముందు పెట్టొచ్చని ఆ నాలుగు వచనాలు చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

3. దేవుడు చూసిన, పేరు పెట్టి పిలిచిన వాళ్ళ సంగతులు చదవండి

తర్వాతి వారం రాత్రిపూట ఒక్కొక్కరిని తీసుకోండి. నతనయేలు అంజూరపు చెట్టు కింద ఉన్నప్పుడే యేసు చూశాడు, యోహాను 1వ అధ్యాయం. జక్కయ్య చెట్టెక్కి దాక్కున్నట్టు చూస్తుంటే కింద నుంచి పేరు పెట్టి పిలిచాడు, లూకా 19. సమాధి దగ్గర మగ్దలేనే మరియ ఆయన్ని తోటమాలి అనుకుంది, మరియా అని పిలిచాకే గుర్తుపట్టింది, యోహాను 20. ఇవన్నీ తలా పది నిమిషాల్లో చదివేయొచ్చు.

హాగరు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఉండండి, ఆదికాండం 16. ఐగుప్తు నుంచి వచ్చిన పనిమనిషి, గర్భవతి, యజమానురాలు శారయి పెట్టే బాధ తట్టుకోలేక ఎడారిలోకి పారిపోయింది. ఆ అధ్యాయంలో శారయి, ఆమె భర్త అబ్రాము మాట్లాడుకునే మాటలన్నీ చూడండి, ఇద్దరిలో ఒక్కరు కూడా ఆమె పేరు ఎత్తరు, నా దాసి, నీ దాసి అనే అంటారు. నీళ్ళ ఊట దగ్గర దేవుని దూత వచ్చి హాగరూ అని పిలిచి, ఎక్కడ నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. ఆమె అప్పుడు దేవుడికే ఒక పేరు పెట్టింది, చూచుచున్న దేవుడవు నీవే అని. పెద్ద ప్రవక్త కాదు, రాజు కాదు, ఎవరూ పేరుతో పిలవని ఒక పనిమనిషి ఆ మాట అంది. ఈ నగరంలో ఇళ్ళల్లో పనిచేసే అక్కలు, సెక్యూరిటీ గార్డులు, తమ పేరు కూడా ఎవరికీ తెలియని ఆఫీసులో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళు, వీళ్ళకి నేను మొదట చెప్పేది ఈ కథే.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ అధ్యాయంలో దూత ఆమెని తిరిగి వెళ్ళమంటాడు. అది పట్టుకుని, ఇంట్లో కొడుతున్నా అక్కడే పడి ఉండమని దేవుడు చెప్తున్నాడు అని ఎవరైనా మీకు చెప్తే వినకండి. అది హాగరుకి ఆ రోజు చెప్పిన మాట, కొట్టే ప్రతి ఇంటికీ రాసిన చట్టం కాదు. 21వ అధ్యాయంలో ఆమెని ఆ ఇంటి నుంచి పూర్తిగా పంపించేశారు, అక్కడ కూడా దేవుడు వెంట ఉన్నాడు, పిల్లాడి ఏడుపు విని నీళ్ళ బావి చూపించాడు. ఇంట్లో హింస ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఫోన్ చేయడం అవిశ్వాసం కాదు.

పిచ్చుకల మాట కూడా ఇక్కడే. మత్తయి 10లో రెండు పిచ్చుకలు ఒక కాసుకి అమ్ముతారు అని ఉంటుంది, లూకా 12లో ఐదు పిచ్చుకలు రెండు కాసులకి అని ఉంటుంది. లెక్క వేస్తే రెండు కాసులకి నాలుగే రావాలి, ఐదోది కొసరుగా వేశారన్నమాట, దానికి ధర కూడా లేదు. వాటిలో ఒక్కటి కూడా దేవుడి ఎదుట మరవబడలేదు అంటాడు ప్రభువు, ఆ కొసరు పిచ్చుకతో సహా. తర్వాతే మీ తలవెంట్రుకలన్నీ లెక్కింపబడి ఉన్నాయి, భయపడకండి అన్నాడు.

4. తిండి, నిద్ర, డాక్టర్: వీటిని విశ్వాసానికి బయట పెట్టకండి

దేవుడు పట్టించుకుంటే ఏదో వెలుగు కనిపించాలి, స్వరం వినిపించాలి అనుకుంటాం. 1 రాజులు 19 చదవండి. ఏలీయా అలసిపోయి, భయపడి, ఎడారిలో ఒక చెట్టు కింద కూర్చుని, చాలు ప్రభువా నా ప్రాణం తీసెయ్ అన్నాడు. దేవుడు అప్పుడు ఆయన్ని తిట్టలేదు, ప్రసంగం చెప్పలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డిలో నీళ్ళు ఇచ్చాడు. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, లేచి తిను అన్నాడు. మాటలు ఆ తర్వాతే, ఎప్పుడో హోరేబు కొండ దగ్గర.

కాబట్టి మీరు వారం రోజులుగా సరిగ్గా తినకుండా, రెండింటికి పడుకుని, దేవుడు నన్ను మర్చిపోయాడు అనిపిస్తుంటే ముందు వేడిగా అన్నం తినండి, ఒక రాత్రి ఫోన్ పక్కన పెట్టి పడుకోండి, తర్వాత ప్రార్థన చేయండి, తేడా మీకే తెలుస్తుంది. ఉపవాసం మంచిదే, కానీ డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు, షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా ఉపవాస ప్రార్థనలు పట్టకూడదు. ఏలీయాలా చచ్చిపోవాలి అనిపిస్తుంటే ఆ మాట ఒక్కరికైనా పైకి చెప్పండి, టెలీ మానస్ నంబర్ 14416, అది మానసిక ఆరోగ్యం కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, డబ్బులు అడగరు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ ఫోన్ అటువైపు ఎత్తేవాళ్ళని కూడా దేవుడు పంపిన రొట్టె, నీళ్ళ లాగే తీసుకోండి.

మన పక్కనే ఉన్న మెదక్ చర్చి సంగతి చాలామందికి తెలుసు, ఇక్కడి నుంచి వంద కిలోమీటర్లు, క్రిస్మస్‌కి బస్సులు వేసుకుని వెళ్తాం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ చేశారు. కరువుతో జనం తిండికి అల్లాడిపోతున్న రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు ఆ కట్టడం పని పెట్టి వాళ్ళకి అన్నం దొరికేలా చేశారని అక్కడ ఇప్పటికీ చెప్తారు. మా అనుదినాహారం నేడు మాకు దయచేయుము అని ప్రార్థించిన ఇంటికి జవాబు రాళ్ళు మోసే కూలి పని రూపంలో వచ్చి ఉంటుంది. నేను అక్కడికి వెళ్ళినప్పుడు ఆ గోపురం కంటే ఈ సంగతే ఎక్కువ గుర్తొస్తుంది.

5. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి

మామూలు రూల్ నోట్‌బుక్ చాలు, ఫోన్‌లో అయితే నోటిఫికేషన్ల మధ్య పోతుంది. ఎడమ పేజీలో తేదీ వేసి అడిగింది రాయండి, కుడి పేజీ ఖాళీగా వదిలేయండి. ఆశీర్వదించు అని రాయకండి, అది నెరవేరిందో లేదో మీకే తెలియదు. శుక్రవారం మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు కోపం రాకూడదు, నాన్న క్రియాటినిన్ తగ్గాలి, ఈ నెల అద్దెకి ఇంకో నాలుగు వేలు కావాలి, ఇలా రాయండి. తర్వాత ఏమైందో కుడివైపు రాయండి, జరిగింది, జరగలేదు, వేరేలా జరిగింది, ఇంకా తెలీదు, ఈ నాలుగిట్లో ఏదైనా సరే నిజం రాయండి.

ప్రతి చిన్నదాన్నీ దేవుని సూచన చేయకండి. సిగ్నల్ పచ్చగా పడింది కాబట్టి ఈ సంబంధం దేవుని చిత్తం అనుకునేవాళ్ళని చూశాను, బాధేస్తుంది, రేపు ఎర్రగా పడితే ఏం చేస్తారు? నోట్‌బుక్ పని అది కాదు. ఆరు నెలల తర్వాత వెనక్కి తిప్పి చూసినప్పుడు, ఆ రోజు ప్రాణం పోతుందేమో అనుకున్న విషయం ఎలా దాటామో కనిపిస్తుంది, ఆ మధ్యలో ఎవరు ఫోన్ చేశారో, ఎవరు అప్పు ఇచ్చారో, ఎవరు హాస్పిటల్ దగ్గర రాత్రంతా కూర్చున్నారో కనిపిస్తుంది. అప్పటికప్పుడు కనబడని సంరక్షణ ఎక్కువగా ఇలా వెనక నుంచే కనబడుతుంది.

6. వాగ్దాన కార్డులు, కానుకలు

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీయడం మనకి చాలా ఇష్టం, నాకూ ఇష్టమే, బైబిల్లో పెట్టుకుంటాను. ఒక పని చేయండి, కార్డు మీద ఉన్న వచనం చుట్టూ ఉన్న అధ్యాయం మొత్తం చదవండి. యిర్మీయా 29:11 తెలియనివాళ్ళు ఉండరు, మీ గురించి నాకున్న ఉద్దేశాలు నాకు తెలుసు, అవి సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అన్న మాట. దానికి ముందు వచనమే డెబ్బై ఏళ్ళు అంటుంది. అది బబులోనులో చెరలో ఉన్నవాళ్ళకి రాసిన ఉత్తరం, ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంటుంది అందులో. సొంతూరు వదిలి ఈ నగరానికి వచ్చి, ఎప్పుడు వెనక్కి వెళ్తామో తెలియకుండా ఉన్నవాళ్ళకి ఆ అధ్యాయం మొత్తం కావాలి, ఒక్క వచనం సరిపోదు.

కానుకల గురించి సూటిగా చెప్తాను. ఇంత విత్తనం వేస్తే నీ సమస్య తీరుతుంది, ఈ నూనె కొంటే వీసా వస్తుంది అని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద స్టేజి మీద నుంచి చెప్పినా, డబ్బులు పంపకండి. తన సొంత కుమారుణ్ణే మన కోసం అప్పగించిన దేవుడు మిగతావి ఎందుకు ఇవ్వడు అని రోమా 8:32 అడుగుతుంది. అలాంటి తండ్రి దృష్టి మన మీద పడాలంటే ముందు గూగుల్ పే చేయాలా? కానుక ఇవ్వండి, సంతోషంగా ఇవ్వండి, కానీ కృతజ్ఞతగా ఇవ్వండి.

7. జవాబు రానప్పుడు

ఇది రాయకుండా మిగతాదంతా రాయడం అన్యాయం. కొన్ని ప్రార్థనలకి మనం అడిగిన జవాబు రాదు. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధని తీసేయమని మూడుసార్లు బతిమాలాడు, తీయలేదు, నా కృప నీకు చాలును అన్నాడు ప్రభువు. గెత్సెమనే తోటలో యేసే ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని అడిగాడు. కాబట్టి మీరు అడిగింది జరగకపోతే మీ విశ్వాసం చాలలేదని ఎవరైనా అంటే, పౌలుకి చాలలేదా అని అడగండి.

నాకు ఎక్కువ సహాయపడింది యోహాను 11. ఐదో వచనం: మార్తని, ఆమె చెల్లిని, లాజరుని యేసు ప్రేమించాడు. ఆరో వచనం: లాజరుకి జబ్బుగా ఉందని విని కూడా ఉన్నచోటే ఇంకా రెండు రోజులు ఉండిపోయాడు. ఈ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆయన వచ్చేసరికి సమాధిలో పెట్టి నాలుగు రోజులైంది. అక్కా చెల్లెళ్ళు ఇద్దరూ ఒకే మాట అన్నారు, ప్రభువా నువ్వు ఇక్కడ ఉంటే మా తమ్ముడు చనిపోయేవాడు కాదు అని. ఆయన ఆ మాటకి కోప్పడలేదు. ఇంకాసేపట్లో లేపబోతున్నానని తెలిసి కూడా వాళ్ళతో పాటు ఏడ్చాడు. ఆలస్యం ఎందుకో మనకి ఈ రోజు అర్థం కాకపోవచ్చు, కానీ ఆలస్యం చేశాడు కాబట్టి ప్రేమ లేదు అని మాత్రం ఆ రెండు వచనాల్ని చదివాక అనలేం.

అలాంటి రోజుల్లో బలవంతంగా స్తోత్రం చెప్పక్కర్లేదు. 13వ కీర్తన చదవండి, ఎన్నాళ్ళు నన్ను మర్చిపోతావు అని మొదలవుతుంది. 88వ కీర్తన అయితే చీకట్లోనే ఆగిపోతుంది, చివర్లో ఓదార్పు కూడా ఉండదు, అయినా దాన్ని బైబిల్లో ఉంచాడు దేవుడు. సిలువ మీద ప్రభువు నా దేవా నా దేవా నన్నెందుకు చెయ్యి విడిచితివి అని 22వ కీర్తన మాటలే అన్నాడు. మీ దగ్గర సొంత మాటలు అయిపోతే ఇవి అరువు తీసుకోండి. అవి కూడా రాకపోతే ఊరికే కూర్చోండి, ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మే మన తరఫున విజ్ఞాపన చేస్తాడని రోమా 8:26లో ఉంది.

8. మీ పేరు తెలిసిన నలుగురు ఉండే చోటుకి వెళ్ళండి

ఏలీయా నేనొక్కణ్ణే మిగిలాను అన్నాడు. దేవుడు ఇంకా ఏడు వేలమంది ఉన్నారని చెప్పి, ఎలీషాని తోడుగా ఇచ్చాడు. ఒంటరిగా గదిలో కూర్చుని యూట్యూబ్‌లో మెసేజ్‌లు మాత్రమే వింటే ఈ నమ్మకం ఎంతో కాలం నిలవదు, ఇది నా గట్టి అభిప్రాయం. పెద్ద చర్చికి వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, కానీ అందులో మీ ఏరియాలో ఇళ్ళల్లో జరిగే కాటేజ్ ప్రేయర్ ఎక్కడో అడిగి తెలుసుకోండి. గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను మందిరం ఉంది కదా, సువార్తికుడు భక్త్‌సింగ్ గారి సహవాసం, అలాంటి సంఘాల్లో ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ కలిసి ప్రేమవిందు తింటారు. కొత్తగా వచ్చినవాళ్ళకి అంతకంటే మంచి పరిచయం ఉండదు, పక్కన కూర్చుని సాంబార్ వడ్డించేవాళ్ళు ఊరు, పేరు అడగకుండా ఉండరు.

మా బుధవారం కూడికలో ఒక పెద్దావిడ ఉన్నారు, అందరం అమ్మగారు అనే అంటాం. ఆమె బైబిల్ వెనక అట్టలో మడతపెట్టిన కాగితం ఉంటుంది, పెన్సిల్‌తో వరసగా పేర్లు, పక్కన చిన్నగా ఒకే మాట: మోకాలు, వీసా, కొడుకు తాగుడు, బ్యాక్‌లాగ్. జవాబు వస్తే కొట్టేయరు, పక్కన చిన్న టిక్ పెడతారు. వచ్చే వారం గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే అడుగుతారు, ఏం బాబూ బ్యాక్‌లాగ్ ఏమైంది అని. ఆ బ్యాక్‌లాగ్ ఉన్న కుర్రాడు ఒకసారి నాతో అన్నాడు, అక్కా, దేవుడికి నా బ్యాక్‌లాగ్ తెలుసు అని నేను మొదటిసారి నమ్మింది అమ్మగారు అడిగినప్పుడే అని.

ప్రేయర్ రిక్వెస్ట్ చెప్పేటప్పుడు చుట్టూ తిప్పకుండా చెప్పండి, కానీ అన్నీ వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకండి. ఇంటి గొడవలు, అప్పులు, పాపపు సంగతులు నమ్మకమైన ఒకరిద్దరికే, అది కూడా ఆడవాళ్ళు ఆడవాళ్ళకి, మగవాళ్ళు మగవాళ్ళకి చెప్పుకుంటే మంచిది. మీ విషయం మీ అనుమతి లేకుండా సాక్ష్యంగానో ప్రసంగంలోనో వాడేసేవాళ్ళకి రెండోసారి చెప్పకండి.

ఆదివారం షిఫ్ట్ పడేవాళ్ళు, క్యాబ్ నడిపేవాళ్ళు కుదరట్లేదని మానేస్తుంటారు. చాలా చర్చిల్లో పొద్దున్నే ఒక ఆరాధన ఉంటుంది, కొన్నిట్లో సాయంత్రం కూడా ఉంటుంది, ఫోన్ చేసి టైమింగ్స్ అడగండి. వెళ్ళాక ఆరాధన అవ్వగానే పార్కింగ్ వైపు పరిగెత్తకుండా ఒక పది నిమిషాలు ఆగండి, పక్కన కూర్చున్నవాళ్ళకి మీ పేరు చెప్పి వాళ్ళ పేరు అడగండి, ఇంటికొచ్చి ఆ పేరు నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో రాసుకోండి.